తలుపు తీయని బస్సు

చర్చి సంఘంలో అందరి ముందూ నన్ను నిలబెట్టి మెచ్చుకున్న ఆదివారం నాకు కడుపులో తిప్పింది. మాటవరసకు అనడం లేదు, నిజంగానే తిప్పింది. నేను నర్సుని. చీము, నెత్తురు, వాంతులు, బెడ్‌పాన్లు చూసి ముఖం తిప్పుకోవడం ట్రైనింగులోనే మానేశాను. అలాంటిదాన్ని ఆ మెచ్చుకోలు వింటూ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నేను ఏడుస్తున్నానని పక్కనున్న ఆంటీ అనుకుంది. జాలిగా వీపు నిమిరింది. వీపు నిండా తేనెటీగల కాట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వాటి గురించే కదా మెచ్చుకుంటున్నారు, ఆవిడకి ఆ సంగతే గుర్తు రాలేదు.

ఎందుకు మెచ్చుకున్నారో చెప్పాలంటే ముందు తన గురించి, నా గదిలో నాతో ఉన్న అమ్మాయి గురించి చెప్పాలి.

రెండువేల దశకం మధ్యలో నేను ఢిల్లీ మునిర్కాలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. పశ్చిమగోదావరిలో నర్సింగు చదివి, అక్కడి మా సంఘం వాళ్లు చూపించిన ఉద్యోగంలో చేరడానికి ఢిల్లీ వచ్చాను. తను మాత్రం ఢిల్లీలోనే పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు, మా తెలుగు సంఘానికి పెద్ద. వాళ్లు వైశాలిలో ఫ్లాటు కొనుక్కుని ఉంటున్నారు. తను వసంత్ కుంజ్‌లో ఒక చిన్నపిల్లల స్కూల్లో టీచరు. అప్పటికి వైశాలికి మెట్రో రాలేదు. రోజూ బస్సులు మారి అంత దూరం వచ్చి వెళ్లలేక తను చిక్కిపోతుంటే, వాళ్ల నాన్నే వచ్చి నన్ను అడిగాడు. "వారం రోజులూ మీ గదిలో ఉంచుకో సిస్టరమ్మా, శనివారం ఇంటికొచ్చేస్తుంది. నీ దగ్గరుంటే మాకు దిగులుండదు" అన్నాడు.

అప్పటికే మేమిద్దరం ఒకరికొకరం అన్న సంగతి ఆయనకు తెలియదు. పాటల ప్రాక్టీసులో మొదలైంది అది. తనకు తెలుగు చదవడం రాదు. పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడేది. ఒత్తులన్నీ తప్పు పలికేది. నేను సరిదిద్దేదాన్ని. సరిదిద్దుతూ సరిదిద్దుతూ ఒకరోజు ఇద్దరం పాట ఆపేశాం.

ఆస్పత్రిలో నేను సిస్టర్‌ని. సంఘంలో ఆడవాళ్లందరూ సిస్టర్లే. గదిలో నన్ను ఏడిపించాలనుకుంటే తను "సిస్టర్‌జీ" అనేది. ఆ మాట వెనక హాయిగా దాక్కోవచ్చని మొదట్లో సంబరపడ్డాం. ఒకే మంచం ఎందుకుందని ఎవరైనా అడిగితే గదిలో రెండోది పట్టదని చెప్పేవాళ్లం. అది అబద్ధం కాదు కూడా. రెండేళ్లు అలా గడిచాయి. మూడో ఏడు తనకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు.

ఆ ఫిబ్రవరి చివర్లో సంఘమంతా కలిసి పిక్నిక్‌కి వెళ్లాం. ఫరీదాబాద్ అవతల ఆరావళి కొండల్లో, ఒకప్పుడు రాయి తవ్వి వదిలేసిన క్వారీల దగ్గరికి. ఒక స్కూలు బస్సు మాట్లాడారు. ఊరు ఇంత దగ్గరలో ఉందంటే నమ్మలేనంత అడవి అది. ఎటు చూసినా కీకర్ ముళ్లచెట్లు, వాటి మధ్య నిట్టనిలువుగా కోసేసిన రాతిగోడలు, గుంటల్లో పచ్చగా నిలిచిపోయిన నీళ్లు. అక్కడ చిరుతలు తిరుగుతాయని డ్రైవరు అన్నాడు. అంతే, తల్లులందరూ పిల్లల్ని చెంగులకు కట్టేసుకున్నంత పని చేశారు. చెట్ల వెనక, పొదల వెనక అందరూ చిరుత కోసమే చూశారు. తలెత్తి పైకి చూసినవాళ్లు లేరు. రాతిగోడ అంచు కింద నల్లగా, చేటలంత తేనెపట్లు వేలాడుతున్నాయి. నేనూ చూడలేదు.

ఆ పిక్నిక్‌కి ఒక ఆంటీ తన కొడుకుని వెంటబెట్టుకొచ్చింది. ఘాజియాబాద్‌లో ఏదో ఆస్పత్రిలో హెడ్ నర్సు ఆవిడ. కొడుక్కి నోయిడాలో ఉద్యోగం. పెళ్లిచూపులని ఎవరూ అనలేదు. "ఊరికేనమ్మా, పిల్లలు కాసేపు మాట్లాడుకుంటారు" అన్నారు. ఆంటీ ముందుగా పిల్ల మోచేతి పైన కండ పట్టి చూసి "బక్కగా ఉన్నావే" అంది. తర్వాత డబ్బాలోంచి లడ్డూ తీసి "నోరు తెరువమ్మా" అని వేళ్లతో సహా పిల్ల నోట్లో కుక్కింది. వేళ్లకు అంటిన నెయ్యిని పిల్ల చున్నీకే తుడుచుకుంది. సంతలో గేదె పళ్లు చూసేవాళ్లకు ఇంతకంటే మర్యాద ఉంటుంది. వాళ్ల నాన్న పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది.

కాసేపటికి తను నన్ను చెట్లలోకి లాక్కెళ్లింది.

"ఈరోజు చెప్పేస్తా" అంది.

"ఎవరికి?"

"డాడీకి. మమ్మీకి. ఆ లడ్డూ ఆంటీకి కూడా. బస్, బహుత్ హో గయా. ఇంక చాలు."

"ఇక్కడా? ఈ అడవిలోనా? ఇంటికెళ్లాక చెబుదువుగాని."

"ఇంటికెళ్తే రేపంటావ్. రేపైతే డ్యూటీ ఉందంటావ్. నువ్వెప్పుడూ ఇదే చేస్తావ్ యార్."

"మన సంఘంలో సగంమంది నర్సులే. పొద్దున్న నువ్విక్కడ నోరు తెరిస్తే సాయంత్రానికి మా ఆస్పత్రిలో తెలిసిపోద్ది. నన్ను వార్డులో ఉండనిస్తారా?"

"నేనంటే నీకు సిగ్గా?"

"సిగ్గు కాదు. భయం."

తను ముక్కు తుడుచుకుంటూ అంది, "భయం, సిగ్గు... బాహర్ సే దోనో ఏక్ హీ లగ్తే హై, బయటికి రెండూ ఒకటే. నాకు తేడా తెలీట్లేదు."

అంతలో పొగ వాసన వచ్చింది. బిర్యానీ కట్టెల మీద వండితేనే రుచి అని వాళ్ల నాన్న పట్టుబట్టి, సరిగ్గా ఆ రాతిగోడ కింద మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశాడు. పచ్చి కొమ్మలు విరిచి పెట్టడంతో మంట కంటే పొగే ఎక్కువ లేచింది. అది గోడను పట్టుకుని నిటారుగా పైకి పాకింది. ఎక్కడో పెద్ద జనరేటరు వేసినట్టు మోత మొదలైంది. అక్కడ జనరేటరు ఎవరు పెడతారా అని ఆలోచిస్తుండగానే కేకలు వినిపించాయి.

మొదటి తేనెటీగ తన కనుబొమ మీద కుట్టింది. తర్వాతివి లెక్క తెలియదు. చెట్ల చాటునుంచి పరుగెత్తాం. ముళ్లు గీసుకున్నా తెలియలేదు. ఒక ఈగ కుట్టిన చోట ఒక వాసన వస్తుంది, బాగా మాగిపోయిన అరటిపండు వాసన. ఆ వాసనకు మిగతావన్నీ అక్కడికే వస్తాయి. మేం ఆ వాసనతో నిండిపోయాం. మిగతావాళ్లంతా పొయ్యి దగ్గరినుంచి తిన్నగా బస్సులోకి ఎక్కేశారు. మేం దూరంగా ఉన్నాం కనుక వెనకబడ్డాం. బస్సు దగ్గరికి చేరేసరికి అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. తలుపు మూసి ఉంది.

తను రెండు చేతులతో తలుపు కొట్టింది. "డాడీ! డాడీ! దర్వాజా ఖోలో!"

అద్దం అవతల వాళ్ల నాన్న కనిపించాడు. ఆ బస్సు తలుపు లోపలినుంచి ఒక ఇనపకడ్డీతో తెరుస్తారు. ఆయన చెయ్యి ఆ కడ్డీ మీదే ఉంది. డ్రైవరు తియ్యబోతుంటే ఆయన దాన్ని గట్టిగా పట్టుకుని అరిచాడు. "మత్ ఖోలో! అందర్ బచ్చే హై! మత్ ఖోలో!" ఇంట్లో హిందీ మాట్లాడితే కూతుర్ని కసిరే మనిషి ఆయన. కూతురి కళ్లలోకి చూశాడు. తర్వాత చూపు పక్కకు తిప్పుకున్నాడు.

బస్సులో చిన్నపిల్లలు ఉన్నమాట నిజమే. ఆ తలుపు తీస్తే మాతో పాటు ఈగల మంద లోపలికి పోయేది. ఆ క్షణంలో ఆయన చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ నేను తేల్చి చెప్పలేను. నాకు రోత పుట్టించింది అది కాదు, ఆ తర్వాత జరిగింది.

కూర్చోడానికి పరిచిన జంపఖానా ఒకటి బస్సు పక్కనే పడి ఉంది. తనను చక్రం పక్కన నేల మీద పడుకోబెట్టి, ఆ పైన నేను పడుకుని, దాన్ని మా ఇద్దరి మీదకు లాక్కున్నాను. అది నా వీపుకీ కాళ్లకీ చాలలేదు. తన మొహం నా మెడ కింద ఉంది. తను రెండుసార్లు వాంతి చేసుకుంది, నా చెవి దగ్గరే, నా జుట్టులోకి. ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు ఏంటో నర్సుకు తెలుస్తుంది. గొంతు వాచి మూసుకుపోతోంది. నా సంచిలో దూది, డెటాల్ తప్ప ఏమీ లేవు. ఇక ఏం చేయను? మా గది బయట ఎప్పుడూ పలకని మాటలన్నీ పలికాను. బంగారం అన్నాను. నా తల్లీ అన్నాను. ఊపిరి తీసుకోవే, నేనున్నాను కదా అన్నాను. వాచిన నుదురు మీద ముద్దులు పెట్టుకున్నాను.

మోత తగ్గింది. జంపఖానాను మా మీదనుంచి ఎవరో లేపారు. వాళ్లమ్మ. చీర కొంగు ముఖమంతా చుట్టుకుని, కళ్లు మాత్రం కనిపించేలా, మా మీదకు వంగి ఉంది. నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. ఆవిడ అంతా విన్నది. "లే" అని మాత్రం అని కూతురి రెండు చంకలూ పట్టుకుంది.

బస్సు ఎక్కించాక ఐడీ కార్డు అంచుతో తన ముఖం మీది ఈగల ముళ్లు గీకి తీస్తూ కూర్చున్నాను. ముందు సీట్లో హెడ్ నర్సు ఆంటీ రెండు కాళ్లూ సీటు మీదకు మడుచుకుంది, మా బట్టల్లో ఇంకా ఈగలున్నాయేమోనని. అంత అనుభవమున్న మనిషి లేచి వచ్చి ఒక చెయ్యి వేయలేదు. ఫరీదాబాద్‌లో కనిపించిన మొదటి ఆస్పత్రిలో ఇంజెక్షన్లు ఇచ్చారు. సాయంత్రానికి తను ఒక కన్ను తెరవగలిగింది. బతికింది.

ఆ తర్వాతి ఆదివారమే నన్ను నిలబెట్టారు. వాళ్ల నాన్న మైకు అందుకుని సాక్ష్యం చెప్పాడు.

"మేమంతా నిస్సహాయులమై చూస్తా ఉండగా, దేవుడు ఈ సిస్టరమ్మని పంపించాడు. రక్తసంబంధం కాకపోయినా సొంత అక్కలా నా బిడ్డని కప్పుకుని కాపాడింది. ఇదీ సహోదరి ప్రేమంటే! ఇప్పటి పిల్లలు నేర్చుకోవాలి."

ఆమేన్లు మోగాయి. నిస్సహాయులమై అన్నాడాయన. కడ్డీ పట్టుకున్న చెయ్యి అదే, ఇప్పుడు మైకు పట్టుకుంది. బస్సులో ఉన్నవాళ్లందరూ చూశారు, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత టీ దగ్గర హెడ్ నర్సు ఆంటీ నా గడ్డం పట్టుకుని "ఇలాంటి అక్క ఉండటం మా కోడలి అదృష్టం" అంది. అప్పుడే కోడలు అయిపోయింది. రెండేళ్లుగా మేం దాక్కున్న సిస్టరన్న మాటే మాకు ఉరితాడైంది. ఇప్పుడు ఎవరికి ఏం చెప్పినా, ఆ కథ ఎంత అందంగా ఉందో ఎందుకు పాడుచేస్తారని అంటారు.

ఆ తర్వాతి శనివారం నాకు కృతజ్ఞతగా భోజనం పెట్టడానికి వైశాలి పిలిచారు. కోడికూర, పప్పుచారు, నా కోసం ప్రత్యేకంగా గోంగూర. తిన్నాక వాళ్లమ్మ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. వాళ్ల నాన్న సోఫాలో కూర్చుని పిన్నీసుతో పళ్లు కుట్టుకుంటున్నాడు. తను ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ తండ్రికి హిందీలోనే జవాబిచ్చే పిల్ల ఆ రోజు తడుముకుంటూ తెలుగులో మొదలుపెట్టింది.

"డాడీ, నాకు పెళ్లి వద్దు. నేను తనతో ఉంటాను. దోస్తీ కాదు, అక్కా చెల్లీ కాదు. ప్రేమ. రెండేళ్లు అయింది."

ఆయన పిన్నీసు ఆపాడు. దాని చివరకు అంటుకున్నదాన్ని చూసి, సోఫా పక్కకు విదిలించాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"బస్సు తలుపు సంగతి ఎవరికన్నా చెప్పావా?"

తనకు అర్థం కాలేదు. "లేదు. ఎందుకు?"

"మంచి పని చేశావు. చెప్పొద్దు. అది నీ దగ్గర ఉండనియ్. ఇది నా దగ్గర ఉంటది. సరికి సరి." పిన్నీసు తిరిగి చొక్కాకు పెట్టుకున్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు, "పెళ్లయ్యాక కూడా సిస్టరమ్మ వస్తా పోతా ఉండొచ్చు. కాదనేదెవరు?"

వంటింట్లోనుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. "పెరుగేసుకుంటారా ఎవరన్నా?"

నేను తిట్లు తిన్నా, చెంపదెబ్బ తిన్నా నాకు ఇంత వెగటు పుట్టేది కాదు. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఏడవలేదు. మా ఇద్దరి రెండేళ్లనీ తన పిరికితనాన్నీ ఒకే తక్కెడలో పెట్టి, తూకం సరిపోయిందని చేతులు దులుపుకున్నాడు. చెప్పులేసుకుని కిందికి దిగిపోయాను. తను నా వెనకే వచ్చింది.

ఆటోలో నేను ఊగిపోయాను. "రేపు మైకు నేను తీసుకుంటా. తలుపు సంగతి అందరి ముందూ అడుగుతా. చూద్దాం, అప్పుడేమంటాడో."

"నువ్వేం అడగవు" అంది తను.

"ఎందుకడగను? చచ్చిపోయేదానివి నువ్వు!"

"దానికీ మనకీ ఏం సంబంధం? డాడీ దాన్నీ దీన్నీ కలిపారు. నువ్వూ కలుపుతావా? ఆయన్ని డరాయించి, ఆయన పరువు పట్టుకుని, అప్పుడు మనం ప్రేమించుకోవాలా? నాకలా వద్దు."

తన కన్ను ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. ఆ ఒంటి కన్నుతోనే నన్ను కోపంగా చూసింది. అప్పుడు నాకు తన మీద కూడా విసుగొచ్చింది. ఇంత మంచితనం ఎవరిక్కావాలి అనిపించింది.

మర్నాడు ఆరాధన అయ్యాక, టీ, సమోసాల దగ్గర, హెడ్ నర్సు ఆంటీ పెళ్లి తేదీ మాట ఎత్తింది. చుట్టూ పదిమంది దాకా ఉన్నారు. తను ప్లేటు కింద పెట్టింది.

"ఆంటీ, నేను మీ అబ్బాయిని చేసుకోను. ఎవర్నీ చేసుకోను. తను నా అక్క కాదు. మేమిద్దరం భార్యాభర్తలు ఎలా ఉంటారో అలా ఉంటున్నాం."

"ఏంటమ్మా ఆ మాటలు? ఆ విషం ఇంకా దిగినట్టు లేదు" అంది ఆంటీ.

"విషం ఎప్పుడో దిగింది ఆంటీ. నేను ఠీక్‌గానే ఉన్నా."

ఒకావిడ తన పిల్లని మా దగ్గరినుంచి లాక్కుంది. ఇంకొకావిడ నన్ను అడిగింది, "నిజమేనా సిస్టర్?" నా వార్డులోనే పనిచేసే అమ్మాయి. "నిజమే" అన్నాను. ఆ ఒక్క మాట కోసం రెండేళ్లు తను నన్ను బతిమాలింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. పాస్టరుగారు "ప్రార్థన చేద్దాం" అన్నారు. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి చుట్టూ మూగి తలల మీద చేతులు పెట్టారు. మా ఒంట్లోనుంచి ఏదో బయటికి పొమ్మని గట్టిగట్టిగా అరిచారు. సమోసాలు తిన్న చేతులు అవి. నూనె జుట్టులోకి దిగింది, నుదుటి మీదకు కారింది. ఎవరివో గోళ్లు తన వాపు మీద నొక్కుకుంటుంటే తను "దుఖ్తా హై, నొప్పి, దుఖ్తా హై" అంటూనే ఉంది. వాళ్లు దాన్ని దయ్యం అరుపనుకున్నట్టున్నారు. ఇంకా గట్టిగా నొక్కారు. నేను వాళ్ల చేతుల్ని ఒక్కొక్కటీ పట్టుకుని తోసేసి, తనను లేపుకుని బయటికి వచ్చేశాను. వాళ్ల నాన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. కూతురు ఎప్పుడు తలుపు మాట ఎత్తుతుందా అని చూస్తున్నాడు. ఎత్తలేదు. ఆయన ముఖంలో బెంగ తగ్గడం నేను కళ్లారా చూశాను. కూతురు సంఘం విడిచి పోతోంది, ఆయనకు ఊరట కలిగింది.

నేను అనుకున్నట్టే సాయంత్రానికి ఆస్పత్రిలో తెలిసిపోయింది. ఉద్యోగం తీయలేదు గానీ, నేనున్నప్పుడు బట్టలు మార్చుకోబోమని నర్సులు పట్టుబట్టారు. నన్ను స్టోర్‌రూమ్‌లో మార్చుకోమన్నారు. ఫినాయిలు డబ్బాల మధ్య. నేనంటే వాళ్లకు రోత, వాళ్లంటే నాకు రోత. ఒకే రోగి మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి, ఒక్క మాట లేకుండా దుప్పట్లు మార్చేవాళ్లం. ఆరునెలలకు నేనే వేరే ఆస్పత్రి చూసుకున్నాను. తన స్కూలు వాళ్లకు ఏమీ తెలియలేదు. తెలిసేటంత తెలుగు వాళ్లకు రాదు. తను శనివారాలు వైశాలి వెళ్లడం మానేసింది. వెళ్లడం మానేసిందో రానివ్వలేదో, తనూ వాళ్ల నాన్నా ఇద్దరిలో ఎవరూ స్పష్టంగా చెప్పలేదు.

ఆ ఎండాకాలంలోనే ఒకరోజు వాళ్లమ్మ మునిర్కా వచ్చింది. చెప్పకుండా, ఒక్కతే, బస్సులు మారి. మెట్లెక్కి రొప్పుతూ గుమ్మంలో నిలబడింది. కూర్చోడానికి మంచం తప్ప ఏమీ లేదు. దాని అంచు మీద, ఎంత తక్కువ తగిలితే అంత మంచిదన్నట్టు, కూర్చుంది. మంచినీళ్లిస్తే పక్కన పెట్టేసింది. కూతురి కనుబొమ మీద మిగిలిన మచ్చను చూసింది. నా వైపు చూడలేదు. సంఘం గురించీ, వాళ్ల నాన్న గురించీ ఒక్క ముక్క మాట్లాడలేదు.

లేచేముందు చేత్తో గోడ తడిమింది.

"చెమ్మ పట్టింది ఇది. దగ్గొస్తది. మంచం అవతలకి జరుపుకోండి" అంది.

కూతుర్ని ఆవిడ ఏనాడూ మీరు అనలేదు. జరుపుకోండి అన్నది ఇద్దరినీ కలిపి. అదొక్కటే మాట. గ్లాసులో నీళ్లు అలాగే వదిలేసి మెట్లు దిగి వెళ్లిపోయింది. తను కిటికీ దగ్గర నిలబడి సందు మలుపు దాకా చూస్తూ ఉండిపోయింది. నేను మంచం మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అంత చిన్న ముష్టికి అంత పొంగిపోయినందుకు నా మీద నాకే ఏవగింపు కలిగింది. ఏడుపు మాత్రం ఆగలేదు.

మంచం ఆ మధ్యాహ్నమే జరిపాం. కోళ్లు నేలకు పట్టేసి మొదట కదలలేదు. తను ఒకవైపు లాగమంటే నేను ఇంకోవైపు లాగాను. కాసేపు తిట్టుకున్నాం కూడా.